ఐసు కరిగేలోగా

ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, బోర్డు మీద ఒక్క తప్పు కూడా ఒప్పుకోని మనిషిని నేను. ఎప్పుడైనా పొరపాటున తప్పు రాసినా, ‘మీరు గమనిస్తున్నారో లేదో చూద్దామని రాశాను’ అని పిల్లల మీదికి తోసేసేదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది మా పక్కవాటా ఎలిజబెత్ కథే అయినా ఇందులో ఒక పెద్ద తప్పుంది, అది నాది. నా పేరు బాలసరస్వతి. ఉండేది రామవరప్పాడులో, ఏలూరు కాలువకు రెండు వీధుల అవతల.

ఎలిజబెత్ ముప్పై ఆరేళ్ళు ఏఎన్‌ఎంగా చేసి రిటైరైంది. అంటే పల్లెల్లో పసిపిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ. సర్వీసంతా హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళలోనే. బుధవారం, శనివారం టీకాల రోజులు. ఆ రెండు రోజులూ ఆవిడ భుజాన ఒక నీలం పెట్టె వేలాడేది. లోపల మందు సీసాలు, వాటి చుట్టూ నాలుగు ఐసు ప్యాకెట్లు. ఐసు కరిగితే మందు పనికిరాదు. బస్సు వెళ్ళే ఊరికి బస్సులో వెళ్ళేది, వెళ్ళని ఊరికి కాలువ గట్టు పట్టుకునేది. నిదానంగా నడిస్తే మన ఎండలకు ఐసు ఆగుతుందా? అందుకని ఆవిడది నడకా కాదు, పరుగూ కాదు, ఆ రెంటికీ మధ్య ఇంకేదో. దారిలో ఎవరైనా కాఫీ తాగి వెళ్ళమంటే “ఐసు కరిగిపోద్దమ్మా, మళ్ళీ వస్తా” అనేది తప్ప ఆగేది కాదు. ఆ ఊళ్ళలో చాలామందికి ఆవిడ అసలు పేరు తెలియదు. సూదులమ్మ అనేవారు.

ఆవిడ పరుగు మొదలవడానికి కారణం నా షుగరు. రోజూ గంటసేపు నడవమన్నాడు డాక్టరు. మాట్లాడడానికి మనిషి లేకుండా గంటసేపు నడవడం నా వల్ల అయ్యే పని కాదు. అప్పుడే రిటైరై పక్కవాటాలో దిగిన ఎలిజబెత్‌ను పట్టుకున్నాను. పొద్దున్నే అయిదింటికి కాలువ గట్టు మీదికి వెళ్ళాం. నేను నా కోడలి గురించి ఒక మాట మొదలుపెట్టి పక్కకు చూస్తే ఎవరూ లేరు. ఆవిడ అప్పటికే యాభై గజాల ముందుంది.

“కాస్త నిదానంగా నడవండి ఎలిజబెత్ గారూ, మనమేం రైలు ఎక్కట్లేదు కదా” అన్నాను.

“నాకు నిదానం చేతకాదండి టీచర్ గారూ. అలవాటు తప్పిపోయింది” అంది పాపం, నిజంగానే సిగ్గుపడుతూ.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను ఒక ప్రశ్న వేస్తాను. ఆవిడ వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చి జవాబు చెబుతుంది. నేను ఇంకో ప్రశ్న వేస్తాను, ఆవిడ మళ్ళీ వెళ్తుంది. అలా నేను మూడు కిలోమీటర్లు నడిచేసరికి ఆవిడ ఎనిమిది పూర్తి చేసేది. నెల తిరిగేసరికి అది నడక కాదని నాకు అర్థమైంది గానీ ఆవిడకు కాలేదు.

ఆ మాట ఆవిడతో మొదట అన్నది శరత్‌చంద్ర. బ్యాంకు ఉద్యోగి, నలభై ఏళ్ళుంటాయి. పెద్ద పెద్ద పరుగు పందేలకు వెళ్తుంటాడు, రోజూ ఆ గట్టు మీదే పరిగెత్తుతాడు. ఒకరోజు రొప్పుకుంటూ వచ్చి ఆవిడ ముందు ఆగిపోయాడు.

“ఆంటీ, మీరు ఎన్నాళ్ళ నుంచి రన్నింగ్ చేస్తున్నారు?”

“రన్నింగేంటి బాబూ, టీచర్ గారికి తోడుగా వాకింగ్‌కి వచ్చా” అందావిడ.

“నేను రెండు కిలోమీటర్ల నుంచి మిమ్మల్ని దాటుదామని చూస్తున్నానండి. దాటలేకపోతున్నా.”

అది మొదలు. బీసెంట్ రోడ్డులో బూట్లు కొనిపించాడు. పంజాబీ డ్రెస్సు, చున్నీ అడ్డంగా వేసి నడుముకు ముడి, కాళ్ళకు బూట్లు. మొదటిరోజు మా వీధిలో ఆడవాళ్ళు గేట్ల దగ్గర నిలబడి మరీ చూశారు. వాళ్ళకు నేనే సమాధానం చెప్పాను. అదేంటో ఇక్కడ రాయడం బాగుండదు.

ఇక ఆవిడ భర్త జాన్‌బాబు గారు. ఆటోనగర్‌లో లారీల కమాన్లు, అంటే చక్రాల దగ్గరుండే స్ప్రింగు పట్టీలు, బాగుచేసే షాపు ఆయనది. ఏ సంగతైనా అక్కడి నుంచే చూస్తారు. “చూడండి టీచర్ గారూ, కమాను విరిగితే గంటలో మార్చేస్తాను. మీ ఫ్రెండుకి మోకాళ్ళు అరిగితే ఆటోనగర్ అంతా తిరిగినా దొరకవు” అన్నారు. అన్నారే గానీ, మర్నాడే ఆవిడ బూట్ల మడమ కింద వేయడానికి మెత్తటి రబ్బరు ముక్క కోసి తెచ్చారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పందేలన్నీ ఆదివారాలే. ఆదివారం ఎనిమిదిన్నరకు చర్చిలో ఆరాధన. పెళ్ళయిన దగ్గర నుంచీ ఆవిడ అది మానలేదు. “పందెం ఏదైనా గానీ ఎనిమిదిన్నరకు నేను చర్చిలో ఉండాలి” అంది. అంటే ఐసు పెట్టె పోయినా ఐసు పోలేదన్నమాట.

రెండేళ్ళు అలా సాధన చేసింది. అరవై నాలుగు వచ్చాయి. పోయిన అక్టోబరులో శరత్‌చంద్ర ఒక వార్త మోసుకొచ్చాడు. పెద్ద వయసు వాళ్ళకు దేశం మొత్తానికి కలిపి పరుగు పోటీలు జరుగుతాయట. అరవై దాటిన ఆడవాళ్ళలో మన రాష్ట్రం తరఫున ఒక్కరిని పంపుతారట. జనవరి నెలాఖరులోగా ఏదో ఒక హాఫ్ మారథాన్‌లో, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల చిల్లర, రెండు గంటల పదిహేను నిమిషాల లోపు పూర్తి చేసినట్టు రికార్డు చూపించాలి. ఊరికే పరిగెత్తితే చాలదు, నిర్వాహకుల లిస్టులో పేరు, పక్కన టైము ఉండాలి.

ఎలిజబెత్ ఆ రోజు వంతెన దాకా వెళ్ళలేదు. నా పక్కనే నడిచింది. కాసేపటికి, “ముప్పై ఆరేళ్ళు రిజిస్టరులో అందరి పిల్లల పేర్లూ నేనే రాశానండి. నా పేరు ఎవరైనా ఒక లిస్టులో రాస్తే చూడాలనుంది” అంది. ఆవిడ నోటివెంట ‘నాకు కావాలి’ అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆ పేరు లిస్టులో పడేదాకా నిద్రపోకూడదని అప్పుడే అనుకున్నాను.

నవంబరులో బందరు రోడ్డు మీద హాఫ్ మారథాన్. ముందురోజు వెళ్ళి నంబరు కాగితం తెచ్చుకున్నాం. రెండు అరచేతులంత కాగితం, మీద పెద్ద అంకెలు, వెనకాల ఏదో సన్నటి పట్టీ అంటించి ఉంది. దాంతోపాటు సూచనల కాగితం ఒకటి ఇచ్చారు. పరీక్ష హాల్లో ముప్పై మూడేళ్ళు సూచనలు చదివి వినిపించినదాన్ని, నాకు సూచనలా అని దాన్ని మడిచి బ్యాగులో పడేశాను. నా దృష్టిలో అది హాల్ టికెట్. హాల్ టికెట్ పోయిందని ఏడ్చే పిల్లలను ఎంతమందిని చూశానో, చెమటకు తడిసి నంబరు చెరిగిపోయిన కేసులు ఎన్ని చూశానో నాకే తెలుసు. అందుకని ఆ కాగితాన్ని శ్రద్ధగా నాలుగు మడతలు పెట్టి, పాలిథిన్ కవరులో చుట్టి, ఆవిడ నడుముకు కట్టుకునే జిప్పు పర్సులో, చిల్లర డబ్బులతోనూ ఇంటి తాళంతోనూ కలిపి పెట్టాను. “ఎవరైనా అడిగితేనే తీసి చూపించండి” అని కూడా చెప్పాను.

మర్నాడు తెల్లవారుజామున అందరూ నంబర్లు గుండెల మీద పిన్నులతో పెట్టుకుని తిరుగుతున్నారు. ఎలిజబెత్ నా వంక చూసింది. “చెమట పట్టనివ్వండి, చిరిగి పీలికలవుతాయి. అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి” అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా మరి. ఆవిడ పర్సు జిప్పు సరిచూసుకుని వెళ్ళి గీత దగ్గర నిలబడింది. టీచరు చెప్పాక ఇంక మాట్లాడేదేముంది?

అయిదింటికి మొదలుపెట్టి ఏడూ తొమ్మిదికి వచ్చేసింది. నా చేతి వాచీలో సరిగ్గా రెండు గంటల తొమ్మిది నిమిషాలు. ఒళ్ళంతా చెమట, మొహంలో నవ్వు. గీత దగ్గర ఎవరో వలంటీరు అమ్మాయితో ఒక నిమిషం మాట్లాడి, నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, “నేను చర్చికి వెళ్ళొస్తానండి” అని జాన్‌బాబు గారి స్కూటరెక్కి వెళ్ళిపోయింది. బహుమతి నేను తీసుకుంటానని ముందే చెప్పి ఉన్నాను.

తీరా చూస్తే అరవై దాటిన ఆడవాళ్ళలో మొదటి బహుమతి రెండు గంటల ముప్పై ఒక్క నిమిషాలకు వచ్చిన ఒకావిడకు ఇచ్చారు. నేను స్టేజీ ఎక్కాను. “మైకు ఇలా ఇవ్వండి” అన్నాను. ఇవ్వలేదు. మైకు లేకపోయినా వెనక బెంచీ దాకా వినిపించే గొంతు నాది, కాబట్టి వినిపించాను. లిస్టు తీసి చూపించారు. ఎలిజబెత్ పేరుంది. పేరు పక్కన, అసలు పరుగు మొదలుపెట్టనే లేదని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు నుంచి ఉత్తరాలు. రిజిస్టరు పోస్టులో, జెరాక్సు నా దగ్గర ఉంచుకుని మరీ నాలుగు ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరం పోస్టు చేసే ముందు ఎలిజబెత్‌కు ఇందులో ఏం రాశానో టూకీగా చెప్పేదాన్ని. ఆవిడ వినేది. “పోనివ్వండి టీచర్ గారూ” అనేది. ఆ అనడంలో కోపం లేకపోవడం నాకు ఇంకా కోపం తెప్పించేది. ఇంత అన్యాయం జరిగితే ఈవిడకు ఉప్పూ కారం లేవా అనుకునేదాన్ని.

డిసెంబరు రెండో వారంలో జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. ఎలిజబెత్ గీత దాటుతున్న ఫొటో ఒకటి జతచేశారు. గుండెల మీద నంబరు లేదు. కాగితం వెనకాల పట్టీయే టైము చెప్పే చిప్పు అట. దాన్ని మడవకూడదట, నాణేల పక్కన, తాళాల పక్కన పెట్టకూడదట, ఛాతీ మీద అందరికీ కనబడేలా పెట్టుకోవాలట. ఈ సంగతులన్నీ సూచనల కాగితంలో ఉన్నాయట. బ్యాగు అడుగు నుంచి ఆ కాగితం తీసి చూశాను. మొదటి లైనులోనే ఉంది.

అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా అయిపోయింది నా పని. ఆవిడ రెండేళ్ళ కష్టం నా నాలుగు మడతల్లో పోయింది. ఆ మాట చెప్పడానికి రోజూ పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళేదాన్ని. చెప్పలేక తిరిగొచ్చేదాన్ని. నేను ప్రశ్నలు వేయడం మానేసినా ఆవిడ వంతెన దాకా వెళ్ళొచ్చి, “ఏంటండీ ఇవాళ ఏం అడగట్లేదు?” అనేది. నాకు ఏడుపొచ్చేది. ఉత్తరాల సంగతి ఏమైందని ఒకసారి అడిగితే, ఇంకా జవాబు రాలేదని అబద్ధం కూడా చెప్పాను.

గడువులోగా మిగిలింది ఒకే ఒక్క పందెం. జనవరి మూడో ఆదివారం, హనుమాన్ జంక్షన్‌లో. జంక్షన్‌లో మొదలై, చుట్టుపక్కల పల్లెల మీదుగా కాలువ దారి పట్టి, మళ్ళీ జంక్షన్‌కు. ఆవిడ పెట్టె మోసుకుని తిరిగిన దారే.

ఆ తెల్లవారుజామున జాన్‌బాబు గారు షాపుకు రిపేరుకు వచ్చిన మినీ వ్యానును ట్రయల్ చూడాలనే వంకతో తీసుకొచ్చారు. ముగ్గురం దాంట్లో వెళ్ళాం. నేను సూచనల కాగితం పదకొండుసార్లు చదివి ఉన్నాను. ఎలిజబెత్ నంబరు తీసి నా చేతికిచ్చి, “మీరే పెట్టండి” అంది. నాలుగు పిన్నులు చాలు, నేను ఎనిమిది పెట్టాను. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచేలోపు విజిల్ వేశారు.

మేమిద్దరం వ్యానులో పక్కదారిన వెళ్ళి పదహారో కిలోమీటరు దగ్గర ఒక ఊరి మొదట్లో ఆగాం. అక్కడ చూస్తే రోడ్డు పక్కన ముప్పై మంది జనం. ముందు రత్తయ్య అని ఒక ముసలాయన, చేతిలో బంతిపూల దండ. ఆడవాళ్ళ చేతుల్లో చెంబులు.

“ఇదేంటండీ?” అన్నాను.

జాన్‌బాబు గారు తల గోక్కున్నారు. “మా ఆవిడ ఈ ఊరి మీదుగా పరిగెత్తుద్దని వారం కిందట రత్తయ్యకు ఫోన్ చేసి చెప్పానండి. ఊరికే, చూస్తారని.”

మోకాళ్ళు అరుగుతాయన్న మనిషి. నేను ఏదో అనబోతుంటే మంచులోంచి ఎలిజబెత్ కనబడింది. వాచీ చూశాను. గంటా నలభై ఒక్క నిమిషాలు. దారంతా కంకర తేలి ఉండడంతో బందరు రోడ్డు మీదకంటే వెనకబడింది. ఇదే వేగంతో వెళ్తే మిగతా అయిదు కిలోమీటర్ల చిల్లరకు ముప్పై రెండు నిమిషాల పైనే. చేతిలో మిగిలేది నిమిషంన్నర. అంతే.

జనం రోడ్డు మీదికి వచ్చేశారు. రత్తయ్య దండ వేసేశాడు. ఒకామె మజ్జిగ చెంబు నోటికి అందించింది. లారీ డ్రైవరులా ఉన్న కుర్రాడొకడు, “సూదులమ్మా, నేను గుర్తున్నానా? సూదికి భయపడి గడ్డివాము ఎక్కినోణ్ణి” అన్నాడు. ఇంకొకామె చంకలో బిడ్డను తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేసింది. ఆ దండ నా పిన్నుల మీద, నంబరు మీద పడి దాన్ని కప్పేసింది. నిమిషం గడిచింది. అంత అభిమానంగా అడ్డుపడుతుంటే తోసుకుని ఎలా పోతుంది? ఆవిడ మొహంలో సంతోషం, కంగారు రెండూ ఉన్నాయి. బిడ్డను తల్లికి తిరిగిచ్చింది, దండ తీసి రత్తయ్య మెడలోనే వేసింది.

“ఐసు కరిగిపోద్దయ్యా, మళ్ళీ వస్తా” అంది.

భుజాన పెట్టె లేదు, ఐసు లేదు. అయినా ఆ మాట వినగానే ముప్పై మందీ ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నారు. ముప్పై ఆరేళ్ళు విన్న మాట కదా. “తప్పుకోండ్రా, మందు పాడైపోద్ది” అన్నాడు రత్తయ్య కూడా, దండ మెడలోనే ఉంచుకుని.

మేం జంక్షన్‌కు చేరి గీత దగ్గర నిలబడ్డాం. రెండు గంటల పది. పన్నెండు. పదమూడు. నేను కళ్ళు మూసుకున్నాను. లెక్కల టీచరుకు ఇంతకంటే శిక్ష లేదు, లెక్క వచ్చి కూడా చేసేదేమీ ఉండదు. జాన్‌బాబు గారు “అదుగో” అన్నారు. కళ్ళు తెరిచేసరికి ఎలిజబెత్ గీత దాటుతోంది. గుండెల మీద ఎనిమిది పిన్నులూ పదిలంగా ఉన్నాయి. పక్కనున్న తెర మీద ఆవిడ పేరు వెలిగింది. పేరు పక్కన రెండు గంటల పద్నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లు.

ఆవిడ ఆ తెర వంక చూస్తూ నిలబడిపోయింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఇంక ఆగలేదు నాకు.

“ఎలిజబెత్ గారూ, మీకొక మాట చెప్పాలి. నవంబరులో తప్పు వాళ్ళది కాదు, నాది. ఆ కాగితం మడతపెట్టి పర్సులో పెట్టినందువల్లే మీ టైము రాలేదు. నాకు నెల కిందటే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు.”

“నాకు ఆ రోజే తెలుసండి” అందావిడ, ఇంకా రొప్పుతూనే. “గీత దగ్గర వలంటీరు అమ్మాయి నంబరేదని అడిగింది. పర్సులోంచి తీసి చూపించాను. ఇలా మడిస్తే టైము రాదాంటీ అని చెప్పింది.”

నేను ఆవిడ చెయ్యి వదిలేశాను. “మరి చెప్పలేదేం? నాలుగు ఉత్తరాలు రాయనిచ్చారు నన్ను. పాపం వాళ్ళను నానా మాటలూ అన్నాను.”

ఎలిజబెత్ చున్నీతో మొహం తుడుచుకుంది. “చెబుదామనే అనుకున్నానండి. చర్చి నుంచి వచ్చేసరికి మీరు స్టేజీ ఎక్కి పోట్లాడారని తెలిసింది. తర్వాత ఉత్తరాలు మొదలుపెట్టారు. నా కోసం ఎవరూ ఎప్పుడూ అట్లా పోట్లాడలేదండి. చెబితే మీరు ఆపేస్తారని చెప్పలేదు.”

నేను ఏడ్చాను. జంక్షన్‌లో అంతమందీ చూస్తుండగా, సిగ్గులేకుండా ఏడ్చాను. జాన్‌బాబు గారు వాచీ చూసి, టైము ఎనిమిది కావస్తోంది, ఇక్కడి చర్చిలోనే ఆరాధనకు వెళ్దామన్నారు. నేను కూడా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో ఎలిజబెత్ మెడలో పతకం తీసి ఒళ్ళో పెట్టుకుని, “ఆ ఉత్తరాల జెరాక్సులు ఉన్నాయా టీచర్ గారూ? మీరు టూకీగానే చెప్పారు. ఒకసారి పూర్తిగా వినాలనుంది” అంది. అవి నా బ్యాగులోనే ఉంటాయి, ఎప్పుడు ఎవరికి చూపించాల్సి వస్తుందోనని. మొదటి ఉత్తరం నుంచి చదివాను. నాలుగో ఉత్తరంలో ఇలా ఉంది: ‘ఈవిడ చేతి సూది వల్ల ఎంతమంది పసిపిల్లలు బతికి బట్టకట్టారో మీకు తెలుసా? అలాంటి మనిషి పరిగెత్తిందని నమ్మడానికి మీకు మిషను సాక్ష్యం కావాలా? నేను సాక్ష్యం. నా కళ్ళతో చూశాను.’

జాన్‌బాబు గారు వ్యాను వేగం తగ్గించారు. ఎలిజబెత్ నా వైపు తిరిగింది.

“అది ఇంకోసారి చదవండి” అంది.

చదివాను. గన్నవరం దాటేలోగా మూడుసార్లు చదివాను.